డ్రాయింగు మాష్టారు కావాలంటే...

డిగ్రీ ముగించబోతున్న ఏ మిత్రుణ్ణి కదిపినా మూడు మాటలే వినబడతాయి: బి.ఇడి., గ్రూపు పరీక్షలు, లేదంటే హైదరాబాదో బెంగుళూరో పోయి ఏదో ఒక కంపెనీలో చేరడం. నాలుగో దారి ఒకటుంది. అది సన్నని కాలిబాటే గానీ మనలాంటి పల్లెటూరి వాళ్లకు అందుబాటులో ఉన్నది. అదే చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయ శిక్షణ.

నేను చదివేది సైన్సు. మాది చంద్రశేఖరపురం, సేద్యం మీద బతికే ఇల్లు. వాన పడితే కంది, పడకపోతే అప్పు. అలాంటి ఇంట్లో బొమ్మల మాటెత్తితే మా నాయన వేసిన ప్రశ్న న్యాయమైనదే: "బొమ్మలు కూడు పెడతాయంటరా అబ్బయ్యా?" దానికి జవాబు వెతుకుతూ నేను తెలుసుకున్న సంగతులు తోటి విద్యార్థులకూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

బడిలో బొమ్మలెందుకు?

నేను చదివిన బడిలో టైంటేబుల్లో డ్రాయింగు పీరియడు ఉండేది, మాష్టారు లేడు. ఆ గంటలో లెక్కలు చెప్పేవారు. తీరా ఇక్కడికొచ్చి బోటనీ రికార్డులో కాండం అడ్డుకోత గీయమంటే సగంమందిమి పెన్సిల్ పట్టుకుని బిక్కమొహం వేశాం. కణాల వరుస కంటికి కనిపిస్తుంది, చేతికి రాదు. గీయడమంటే ముందు చూడటం నేర్చుకోవడమని అప్పుడు తెలిసింది.

విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు 1947లో వెలువరించిన గ్రంథంలో పిల్లల బొమ్మలు మెట్లు మెట్లుగా ఎదుగుతాయని చూపాడు. రెండు నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చిగీతలు, ఏడేళ్లదాకా తల కింద కాళ్లు మొలిచిన మనుషులు, ఆ తర్వాత నేల గీత మీద నిలబడిన ఇళ్లూ చెట్లూ. ఇవి తప్పులు కావు, బుద్ధి పెరిగే గుర్తులు. ఇది తెలిసిన మాష్టారు పిల్లవాడి బొమ్మను కొట్టివేసి దిద్దడు.

దామెర్ల రామారావు సంగతే చూడండి. 1897లో రాజమండ్రిలో పుట్టిన ఆ కుర్రవాడి చేతిని గుర్తుపట్టి బొంబాయి జె.జె. కళాశాలకు పంపించింది అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. తిరిగొచ్చిన రామారావు తన ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టి పదిమందికి నేర్పాడు. 1925లో ఇరవై ఏడేళ్లకే పోయినా ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేసి పోయాడు. చూసే గురువు లేకపోతే ఆ చెయ్యి ఏమయ్యేదో! మన పల్లెల్లో అలాంటి చేతులు ఎన్ని ఎవరూ చూడకుండానే పారకూ కొడవలికీ పోయాయో లెక్క ఎవరు కట్టారు?

దరఖాస్తు ఎలా?

దారిలో రెండు మెట్లున్నాయి. మొదటిది ప్రభుత్వ పరీక్షల శాఖవారు జరిపే టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్ష, డ్రాయింగు విభాగం. ఇందులో లోయర్, హయ్యర్ అని రెండు గ్రేడులు. లోయరుకు ఏడో తరగతి పాసైతే చాలు. హయ్యరుకు లోయరూ పదో తరగతీ పాసై ఉండాలి. అంటే మన డిగ్రీకి దీనితో పనిలేదు, చదువుకుంటూనే ప్రైవేటుగా రాయవచ్చు.

రెండో మెట్టు టి.టి.సి., అనగా టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్. వేసవి సెలవుల్లో 42 రోజుల శిక్షణ. పదో తరగతితో పాటు కనీసం లోయరు సర్టిఫికెట్ ఉండాలి. వయస్సు 18 నిండి 45 దాటకూడదు. అక్కడ బొమ్మలు వేయడం కంటే బొమ్మలు నేర్పడం ముఖ్యం. విద్యా మనస్తత్వశాస్త్రం, బోధనా పద్ధతులు చెబుతారు, తర్వాత పరీక్ష ఉంటుంది.

పత్రికల్లో ప్రకటన చిన్నదిగా పడుతుంది, చూడనివాళ్లకు ఆ యేడు పోయినట్టే. జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద కన్నేసి ఉంచాలి. పదో తరగతి మార్కుల పత్రంలో పేరు ఎలా ఉందో దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. ఇంటిపేరు ముందు, వెనక అయితే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి.

సాధన ఎక్కడ?

పట్నంలో కోచింగు లేదని దిగులు పడనక్కరలేదు. మన ఊళ్లే పెద్ద డ్రాయింగు క్లాసులు.

చేతిగీత: మా నాయన గొర్రు తోలేటప్పుడు చూపు కర్రు మీద ఉండదు, ఎదుటి గట్టు మీది వేపచెట్టు మీద ఉంటుంది. అందుకే చాలు వంకర పోదు. పెన్సిలుకూ అదే సూత్రం. మొన మీద కాకుండా గీత చేరవలసిన చుక్క మీద చూపు నిలపండి.

దూరదృష్టి: రోడ్డు పక్క కరెంటు స్తంభాలన్నీ ఒకే ఎత్తు. పది మీటర్ల దూరాన ఉన్నదానికంటే ఇరవై మీటర్ల దూరాన ఉన్నది సగమే కనిపిస్తుంది, నలభై మీటర్లకు పావే. కనిపించే ఎత్తు దూరానికి విలోమానుపాతంలో తగ్గుతుందన్నమాట. ఈ ఒక్క లెక్క తెలిస్తే బజారు బొమ్మ కుదురుతుంది.

డిజైను: అమ్మలు వాకిట్లో వేసే చుక్కల ముగ్గే పాఠం. ఒక పావు భాగం గీసి నాలుగు దిక్కులా తిప్పితే నిండు ముగ్గు.

రంగులు: ఎర్ర కాగితాన్ని అర నిమిషం రెప్ప వేయకుండా చూసి తెల్లగోడ వైపు తిరగండి. నీలం కలిసిన ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. ఎరుపును పట్టే కణాలు అలసిపోతే మిగిలినవి చూపించే రంగు అది. పక్కపక్కన పెడితే రెండూ మెరుస్తాయి.

ఇక రాతిలో రూపం చూడాలంటే మా మండలంలోని భైరవకోన ఉంది. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుహాలయాల ముందు ఒక పూట కూర్చుని స్తంభాలు గీయండి. వెలుగు ఎటునుంచి పడితే నీడ ఎటు లోతవుతుందో ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు. కాగితం కొనే శక్తి లేనివాళ్లకు మార్కాపురం పలక ఉండనే ఉంది. ఎన్ని తరాల పిల్లలు దిద్దారో ఆ నల్లరాయి మీద!

కూడు సంగతి

మిత్రులకు అబద్ధం చెప్పకూడదు. డ్రాయింగు పోస్టులు తక్కువ. టి.టి.సి. చేతిలో ఉన్నంత మాత్రాన ఉద్యోగం వచ్చి వాలదు. కేంద్రీయ విద్యాలయాల్లోకి పోవాలంటే ఫైన్ ఆర్ట్స్‌లో డిగ్రీయో డిప్లొమానో కావాలి, దానికి ఇది సరిపోదు. అయితే 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య బోధించే పార్ట్‌టైం బోధకుడు ఉండాలని చెప్పింది. చట్టంలో ఉన్నది బడిలోకి రావాలంటే ముందు అర్హత గలవాళ్లు ఊరికొకరైనా ఉండాలి, అడిగేవాళ్లూ ఉండాలి.

కాబట్టి మా నాయనకు నేను చెప్పిన జవాబు ఇది: డిగ్రీ మానను, బి.ఇడి. ప్రయత్నమూ మానను. వాటి పక్కనే రెండు పరీక్షలు, ఒక వేసవి. కంది చేలో అలసంద కలిపి చల్లినట్టు. ఒకటి పోతే ఒకటి నిలుస్తుంది. రేపు సైన్సు మాష్టారునే అయినా నల్లబల్ల మీద గుండె బొమ్మను నా చేత్తో నేనే గీసి చూపుతాను. "సరే, ఈ యేటికి ఫీజు కట్టు" అన్నాడు నాయన.

మనలో గీయగలిగీ దాచుకున్నవాళ్లు, రికార్డు బొమ్మలు పక్కవాళ్లకు గీసిపెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. వచ్చే ప్రకటన పడినప్పుడు ఒక్కరితో ఒక్కరు చెప్పుకుందాం, కలిసి దరఖాస్తు చేద్దాం.