ఒక్క తీగ చాలునా?

గన్నవరంలోని మీ ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయిందనుకోండి. హాల్ టిక్కెట్ తీసుకోవటానికి ఈ రాత్రే గడువు. కేబుల్ ఆపరేటరుకు ఫోను చేస్తే, "లైను పైనుంచే రావటం లేదు బాబూ" అంటాడు. తప్పించుకుంటున్నాడని మీకు కోపం వస్తుంది. కాని చాలాసార్లు అతడు చెప్పింది నిజమే!

కృష్ణ నీరు చేలోకి ఎలా వస్తుందో మీకు తెలుసు. ప్రకాశం బ్యారేజి నుంచి పెద్దకాలువ, దానినుంచి పిల్లకాలువ, చివరకు బోదె. ఇంటర్నెట్ కూడా అంతే. మీ ఆపరేటరుకు సొంతంగా ఉన్నది బోదె మాత్రమే. పెద్దకాలువలోని వాటాను అతడు టోకున కొని, ఇంటింటికీ చిల్లరగా పంచుతాడు. మన రాష్ట్రంలో ఆపరేటర్లకు ఇలా అందించటానికి 2015లో ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని ప్రారంభించారు. భూమి తవ్వే ఖర్చు లేకుండా గాజు తీగలను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ఖర్చు తక్కువ, పని తొందర. అయితే స్తంభం కూలితే తీగకూ ముప్పే.

ఇప్పుడొక లెక్క చేద్దాం. విజయవాడ నుంచి మీ ఇంటిదాకా మూడు అంచెలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి నూటికి 99 పాళ్లు పనిచేస్తుంది. బాగానే ఉందనిపిస్తుంది కదూ? కాని మూడూ ఒకేసారి పనిచేయాలి. కాబట్టి హెచ్చవేయండి: 0.99 × 0.99 × 0.99 = సుమారు 0.97. అనగా ఏడాదిలో దాదాపు 11 రోజులు ఇంటర్నెట్ ఉండదు!

దీనికి ఉపాయం, అంచెకు రెండో దారి వేయటం. రెండు దారులూ ఒకేసారి చెడే అవకాశం 0.01 × 0.01, అంటే పదివేలలో ఒకటి. ఆ ఒక్క అంచెలో ఏడాదికి మూడున్నర రోజులకు పైగా ఉన్న అంతరాయం 53 నిమిషాలకు దిగుతుంది. అందుకే పెద్ద తీగలను వలయంగా వేస్తారు. ఒకవైపు తెగితే వెలుగు రెండోవైపు నుంచి వస్తుంది.

ఇక్కడే జాగ్రత్తపడాలి. రెండు దారులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడే ఈ గుణకారం చెల్లుతుంది. రెండు తీగలూ ఒకే స్తంభాల వరుస మీద ఉంటే ఏమవుతుంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ ప్రాంతంలో స్తంభాలను వేలకొద్దీ కూల్చింది. అలాంటి గాలికి రెండు తీగలున్నా ఒక్కటే. వేరువేరు కంపెనీల దగ్గర కొన్నా, తీగలు పోయే దారి ఒకటే అయితే లాభం లేదు. తీగ తెగనక్కరలేదు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మునిగిన పేటలకు కరెంటు ఆపవలసి వచ్చింది. కరెంటు లేకపోతే గాజు తీగలోకి వెలుగును పంపే పెట్టె ఎలా పనిచేస్తుంది?

ఈసారి మీ ఆపరేటరు కనబడినప్పుడు, "మీకు పైనుంచి ఎన్ని లైన్లు? అవి ఏయే దారుల్లో వస్తాయి?" అని అడగండి. మీ వీధిలోని తీగలు ఎటునుంచి వస్తున్నాయో మీరూ చూడండి. దూరం నుంచే సుమా! స్తంభాన్ని ముట్టుకోకూడదు.