బంతి ఎక్కడ ఆగుతుందో

మథురాకాటి, ఖరగ్‌పూర్
ఆదివారం సాయంత్రం

చిన్నా,

మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "తొమ్మిది మ్యాచ్‌లు ఆడాను తాతా, ఒక్క గోలూ లేదు, వచ్చేస్తాను" అన్నావు. పక్కనే మీ అమ్మమ్మ ఉందని నేనేమీ అనలేదు. ఆవిడ వింటే తెల్లారేసరికి టికెట్టు కొనిపించేది. "బువ్వ తింటన్నాడా లేదా, ఏటి కథ?" అని అడిగింది. తింటున్నాడన్నాను. నలభై ఏళ్లు రైల్వే వర్క్‌షాపు మోతలో ఉన్నవాణ్ణి, ఫోన్లో మాట్లాడితే పోట్లాడినట్టే ఉంటుందని మీ అమ్మ అంటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఖరగ్‌పూర్‌లో వరసగా గోల్స్ కొట్టిన కాళ్లే కదా, కేరళ వచ్చాక వీటికేమైంది అని అడిగావు. కాళ్లకేమీ కాలేదు. ఇక్కడ నీకు బంతి ఎవరిచ్చేవాడు? నింపురా నుంచి సైకిలు మీద వచ్చే ఆ పొట్టి కుర్రాడు. ఏడేళ్లు వాడితో ఆడావు. వాడి భుజం ఏ వైపు వాలితే బంతి ఏ వైపు వస్తుందో నీకు నిద్రలో కూడా తెలుసు. వాడు తలెత్తక ముందే నువ్వు కదిలేవాడివి. చూసేవాళ్లు నీ వేగాన్ని మెచ్చుకున్నారు. ఆ గోల్స్‌లో సగం వాడివి. (గోల్స్ అనే రాస్తున్నాను. గోళ్లు అని రాస్తే మీ అమ్మమ్మ కత్తిరించుకోమంటుంది.)

స్ట్రైకర్ పని పోపు పెట్టేవాడి పని. పప్పు ఉడికించేది ఇంకొకడు. ఆ ఇంట్లో పప్పు ఎంతసేపటికి ఉడుకుతుందో తెలుసుకోకుండా నూనె కాచావనుకో, పోపు మాడిపోతుంది. ఇప్పుడు నువ్వు చేస్తున్నదదే. పాత వంటింటి లెక్కతో కొత్త వంటింట్లో నిలబడ్డావు.

నా సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 1969లో నాకు ఇరవై ఒకటో ఏడు. ఇంటర్‌షాప్ పోటీల్లో బాగా ఆడానని ఒకాయన కలకత్తా క్లబ్బులో పెట్టించాడు. ఏ క్లబ్బో ఇప్పుడెందుకులే. ఇక్కడి నుంచి హౌరా నూటపదిహేను కిలోమీటర్లే. కానీ నేల మారిపోయింది. మనది ఎర్ర మొరం నేల. డిఫెండర్ వెనక్కి బంతి వేస్తే గలగలా దొర్లుకుంటూ పోతుంది, దాని వెంట పరిగెత్తి అందుకోవడమే నా ఆటంతా. కలకత్తా లీగేమో వానాకాలంలో. మైదాన్‌లో చీలమండ దాకా బురద. తోలుబంతి నీళ్లు తాగి ఇటుకలా బరువెక్కేది. అదే పాసు అక్కడ పడ్డచోటే చప్పున కూర్చుండిపోయేది. నేను దాన్ని దాటి మూడు గజాలు పోయి వెనక్కి తిరిగితే, వాళ్ల బ్యాక్ తీరిగ్గా దాన్ని తీసుకుని నడిచిపోతూ కనపడేవాడు.

భాష సంగతి చెబితే నవ్వుతావు. మనం బెంగాల్లో పుట్టాం, బెంగాలీ రాదా అనుకుంటావు. బజారు బెంగాలీ వేరు, గ్రౌండు బెంగాలీ వేరు. మూడో మ్యాచ్‌లో బంతి నా కాళ్ల దగ్గరకు వస్తుంటే వెనక నుంచి "ఛాడ్! ఛాడ్!" అని మావాళ్లు అరిచారు. ఛాడ్ అంటే వదులు. మన గ్రౌండులో "వదిలేయ్" అంటే వెనకవాడు తీసుకుంటాడు, నువ్వు ముట్టుకోవద్దని. నేను బుద్ధిగా కాళ్లు ఎడంగా పెట్టి వదిలేశాను. బంతి తిన్నగా అవతలివాళ్లకు పోయింది, వాళ్లు గోలు కొట్టారు. మావాళ్లు అన్నది, పట్టుకుని కూర్చోకుండా వెంటనే పాసు వదలమని! ఆటయ్యాక క్లబ్బు పెద్దమనిషి ఒకాయన, నేను వింటున్నానని తెలిసే, "ఈ మద్రాసీకి బుర్ర లేదు" అన్నాడు. ఆరో మ్యాచ్ తర్వాత నేను హౌరాలో లోకలెక్కేశాను. కోలాఘాట్ వంతెన మీద రూప్‌నారాయణ్ నది దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. తర్వాత బఠాణీలమ్మేవాడు వచ్చాడు, కొనుక్కుని తిన్నాను.

ఆరుకే వచ్చేశాను. నువ్వు నాకంటే మూడు ఎక్కువ ఆడావు. ఆ పెద్దమనిషి మీద చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు నా మీదే ఎక్కువ. బురదలో బంతి ఎక్కడ ఆగుతుందో చూసుకోవడానికి నాకు ఒక్క సాయంత్రం చాలు. చూసుకోలేదు. ఛాడ్ అంటే ఏమిటని ఒక్కణ్ణి అడిగితే చాలు. అడగలేదు. అడిగితే పల్లెటూరివాడనుకుంటారని.

నాకు పదమూడేళ్లప్పుడు, 1961లో, మా నాన్న నన్ను కలకత్తా తీసుకెళ్లి తులసీదాస్ బలరాం ఆట చూపించాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన మనిషి, తమిళ కుటుంబం. హైదరాబాద్‌లో కోచ్ రహీం సాబ్ చేతిలో తయారయ్యాడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లొచ్చి, 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వచ్చాడు. రహీం సాబ్ పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగు చేయకూడదు, బంతి తగలగానే ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి. అలా పెరిగినవాడికి ఏ నేలైనా ఒకటే అనుకుంటాం. అయినా కలకత్తా లీగులో 23 గోల్స్ కొట్టడానికి అతనికి 1961 దాకా పట్టింది. ఆ ఏడు జట్టు కెప్టెన్ అతనే. మేం గట్టు మీద, జనం కాళ్ల సందుల్లోంచి చూశాం. నేను గోలు కోసం చూస్తుంటే మా నాన్న నెత్తి మీద ఒకటి మొట్టి, "బంతి లేనప్పుడు ఎక్కడున్నాడో చూడరా" అన్నాడు. చూశాను. అటూ ఇటూ తిరుగుతూ, ఎవడి దగ్గర బంతి ఉందో వాడికి కనబడే చోట నిలబడుతున్నాడు. దాక్కోవడం లేదు.

ఆ మనిషే దేశానికి ఆడినప్పుడు ఎడమ రెక్క మీదికి జరిగాడు, ఎందుకంటే లోపలి చోటు చునీ గోస్వామిది. కుడివైపు పీకే బెనర్జీ. నా చోటు నాక్కావాలని పేచీ పెట్టలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తాలో ఏషియాడ్ బంగారు పతకం. 1963లో మన రైల్వే జట్టు బీఎన్నార్‌కే వచ్చాడు, అంతలో ఊపిరితిత్తుల జబ్బు ఆట మాన్పించింది. తర్వాత కూడా హైదరాబాద్ వెళ్లిపోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలోనే ఉండి, 2023 ఫిబ్రవరిలో పోయాడు.

ఇక నువ్వు పోస్టరు అంటించుకున్న చీమా ఒకోరీ. ఆ నైజీరియా కుర్రాడు మొదట దిగింది కలకత్తాలో కాదు, మన విశాఖపట్నంలో, చదువుకోవడానికి. విశాఖ నుంచి కలకత్తా దారంటే మన స్టేషన్ మీదుగానే కదా. మా తాత పలాస నుంచి కంపెనీ రైల్లో ఉద్యోగానికొచ్చిందీ ఆ పట్టాల మీదే. 1985 ప్రాంతంలో చీమా మహమ్మడన్ స్పోర్టింగ్‌కి, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కి, ఆపైన మోహన్ బగాన్‌కి ఆడాడు. భుజం అడ్డం పెడితే ఇద్దరు డిఫెండర్లు బురదలో కూర్చోవాల్సిందే. బంతి వాడి గుండెకు తగిలితే అరుగు మీద పెట్టిన చెంబులా ఆగేది. నేను టికెట్టు కోసం క్యూలో లాఠీదెబ్బ తిన్నది వాడి ఆట కోసమే.

అంతటివాడు 1990ల మధ్యలో ఇంగ్లండు వెళ్లాడు. గ్రిమ్స్‌బీ, టార్కీ, ఇలాంటి చిన్న క్లబ్బులు. అక్కడ మనవాళ్లకు తెలిసిన చీమా కనపడలేదు. ఎందుకో నా లెక్క చెబుతాను. మైదాన్‌లో వాడి ఒళ్లే వాడి ఆయుధం. ఇంగ్లండులో ప్రతి స్టాపర్ ఒళ్లూ అలాంటిదే. అందరి దగ్గరా ఉన్న వస్తువుకు ధర పలకదు. వాడు తిరిగొచ్చాక, 1997 జులై 13న, సాల్ట్ లేక్‌లో లక్షా ముప్ఫై వేల మందికి పైగా జనం ముందు ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో మోహన్ బగాన్ 1-4తో ఓడిపోయింది. ఆ ఒక్క గోలూ చీమాదే. అవతల హ్యాట్రిక్ కొట్టిన భైచుంగ్ భూటియా 1999లో ఇంగ్లండులో బరీ క్లబ్బుకి వెళ్లాడు. మూడేళ్లున్నాడు, అక్కడ కొట్టిన గోల్స్ ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2010లో అమెరికా వెళితే లీగు మ్యాచ్‌లో దిగే అవకాశమే రాలేదు. వీళ్లెవరికీ ఆట రాదని అనగలవా? నీ తొమ్మిది మ్యాచ్‌లు నాకు పెద్ద సంఖ్యగా కనబడకపోవడానికి కారణం ఇది.

మజీద్ బిష్కర్ సంగతి కూడా చెప్పాలి, చెప్పడం కష్టమైనా. ఇరాన్ నుంచి అలీగఢ్ యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చి, 1980లో ఈస్ట్ బెంగాల్‌కి వచ్చాడు. కలకత్తా మైదాన్‌లో అంత అందంగా ఆడిన విదేశీయుణ్ణి నేను చూడలేదు, నా మాటే తీర్పు. ఆ శీతాకాలానికే వాళ్ల దేశం మీద యుద్ధం విరుచుకుపడింది. రెండు మూడేళ్లలో ఆ ఆట సన్నగిల్లి, చివరికి మనిషే కనపడకుండా ఇంటికి వెళ్లిపోయాడు. 2019లో ఈస్ట్ బెంగాల్ నూరేళ్ల పండగకు వస్తే, తెల్లబడిన తలను చూడటానికి విమానాశ్రయంలో జనం కిక్కిరిశారు. అతనితోపాటే అదే దేశం నుంచి, అదే యూనివర్సిటీ నుంచి వచ్చిన జంషీద్ నాసిరి కలకత్తాలోనే స్థిరపడ్డాడు. 2022 జనవరిలో డెర్బీలో ఈస్ట్ బెంగాల్ మీద హ్యాట్రిక్ కొట్టిన కియాన్ నాసిరి ఈయన కొడుకే. ఇద్దరిలో ఆట ఎక్కువ ఉన్నది మజీద్‌కి. మైదానంలో గడిపే రెండు గంటలు ఇద్దరికీ ఒకటే. మిగతా ఇరవై రెండు గంటలు పరాయి ఊళ్లో ఎలా గడిపారన్న దగ్గరే తేడా వచ్చిందని నా అనుమానం.

అందుకే నువ్వు తింటున్నావా అని అడుగుతున్నాను. ఎర్ర బియ్యం సహించడం లేదని గదిలో నూడుల్స్ ఉడకబెట్టుకుని, రాత్రంతా ఖరగ్‌పూర్ స్నేహితులతో ఫోన్లో ఉంటున్నావట, మీ అమ్మ చెప్పింది. మానెయ్. మీ జట్టువాళ్లు ఏ హోటల్లో తింటారో అక్కడే, వాళ్ల బల్ల దగ్గరే కూర్చో. మొదటి వారం మాట అర్థం కాదు. కూర్చో. మా తాత ఇక్కడికొచ్చినప్పుడు ఫోర్‌మన్ మాట, పక్కవాడి మాట, కొట్టువాడి మాట మూడూ తెలియవు. ఇనుము కాలుతుంటే పట్టుకోమన్నారో వదలమన్నారో తెలియకపోతే చెయ్యి పోతుంది. అందుకని పనిముట్ల పేర్లూ "ఆగు, లాగు, వదులు" అన్న మాటలూ ముందు నేర్చుకున్నాడట. తిట్లు వాటంతటవే వచ్చాయనేవాడు. నువ్వూ అలాగే మలయాళంలో గ్రౌండు మాటలు పది రాసుకో. ఒక్కొక్కటీ ఎవడు అరిస్తే ఏమిటి అర్థమో అడిగి రాసుకో. అడిగితే ఎవడూ చులకన చేయడు. చేస్తే చేయనీ.

రోజూ ప్రాక్టీసు అయ్యాక అరగంట ఉండిపో. గోలు వైపు కొట్టకు, అది నీకు వచ్చు. మీ ఎడమ వింగర్‌ని బతిమాలి నిలబెట్టుకుని ఇరవై క్రాసులు వేయమను. నువ్వు ఒక్కదానికీ పరిగెత్తొద్దు, బాక్సులో నిలబడి బంతి ఎక్కడ పడుతోందో, పడ్డాక ఎంత దూరం పోతోందో చూడు. మీది ప్లాస్టిక్ పచ్చిక అన్నావు, దాని మీద బంతి జర్రున జారుతుందట. మన మొరం మీద లెక్క దానికి పనికిరాదు. మర్నాడు పరిగెత్తు, కానీ నువ్వనుకున్న దానికన్నా ఒక్క అడుగు ఆలస్యంగా. కోచ్ బెంచీ మీద కూర్చోబెడితే ముఖం మాడ్చుకోకు. బెంచీ మీద నుంచి మీ వింగర్ బాగా కనబడతాడు, నా మాట నమ్ము.

ఈ వారం మీ అమ్మమ్మ జంతికలు వండింది. షాలిమార్ నుంచి త్రివేండ్రం బండిలో మన పక్క క్వార్టరు కుర్రాడు వస్తున్నాడు, వాడి చేతికిస్తాం. డబ్బాలో రెండు పొరలున్నాయి. పైది నీకు, కిందిది ఆ వింగర్‌కి. నీ గదిలో దాచుకోకు.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు గోలు పడిందా లేదా నేను అడగను, నువ్వూ చెప్పకు. ఆ ఎడమవైపు కుర్రాడు క్రాస్ వేసే ముందు తల ఎత్తుతాడా, ఎత్తకుండానే వేస్తాడా, అది చూసి చెప్పు.

తాతయ్య