కనుబొమలకు టాటూ: ముందే అడగాల్సినవి

ప్రశ్న: నా కనుబొమలు పలచబడ్డాయి. టాటూ వేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ముప్పాళ్ళ, పల్నాడు జిల్లా

జవాబు: ముందు కారణం తెలియాలి. థైరాయిడ్ లోపం, పేనుకొరుకుడు ఉన్నా కనుబొమలు రాలతాయి. వాటికి చికిత్స ఉంది.

పచ్చబొట్టు జీవితాంతం ఉంటుంది. సన్నని బ్లేడుతో వెంట్రుకల్లాంటి గీతలు గీసి నింపే మైక్రోబ్లేడింగ్ రంగు మాత్రం సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లలో వెలిసిపోతుంది. జిడ్డు చర్మమైతే ఇంకా త్వరగా.

గర్భిణులు వాయిదా వేసుకోవాలి. కీలాయిడ్ (ఉబ్బెత్తు) మచ్చలు వచ్చేవారు, షుగర్ అదుపులో లేనివారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగాలి.

పాత సూదితో హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే ప్రమాదముంది. కొత్త సూది ప్యాకెట్ కళ్లెదుటే విప్పించాలి. రంగు పడుతుందో లేదో తెలిపే ప్యాచ్ టెస్ట్ ముందుగా చేయించుకోవాలి.

నచ్చకపోతే లేజర్‌తో తీయించడం తేలిక కాదు. ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగులు ఇంకా నల్లబడొచ్చు.

వేయించుకున్నాక 12 నెలలు రక్తదానం కుదరదు. పార్లర్‌కు వెళ్లేముందు నరసరావుపేటలోనో గుంటూరులోనో చర్మవైద్యుల్ని కలవండి.