కారు హీటరు వేడి చాలనప్పుడు చేయవలసిన పరీక్షలు

చిరాగ్‌పల్లి, జహీరాబాదు ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున నున్నది. ఇచట వేసవి యెంత తీక్ష్ణమో, మార్గశిర పుష్యమాసములలో చలియు నంత తీక్ష్ణము. చలి దినములలో రాష్ట్రమున మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన స్థలములలో మన పొరుగున నున్న కోహీరు పేరు తఱచుగా వినవచ్చుచుండును. అట్టి తెల్లవాఱుజామున 65వ సంఖ్య జాతీయ రహదారిపై అల్లము, బంగాళాదుంపల బేరమునకు గాని, రోగిని తీసికొని ఆసుపత్రికి గాని పోవు సభ్యులు, కారు హీటరు చాలుటలేదని మాతో చెప్పుచుందురు. చలి రెండు నెలలే గదా, దుప్పటి కప్పుకొన్న చాలునని కొందఱు ఉపేక్షింతురు. ఆ యుపేక్ష తగదు. హీటరు వేడి తగ్గుట పెక్కుసారులు ఇంజను రోగమునకు మొదటి గుఱుతు.

పెట్రోలు, డీజిలు కార్లలో హీటరునకు సాధారణముగా వేఱు పొయ్యి లేదు. ఇంజనులో పుట్టిన వేడిని కూలెంటు అను ద్రవము గ్రహించి తిరుగుచుండును. అందు కొంత భాగము రెండు రబ్బరు గొట్టముల ద్వారా డ్యాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరునకు పోయి వచ్చును. దీనిని హీటరు కోరు అందురు. బ్లోయరు ఫ్యాను దానిమీదుగా వీచిన గాలి వెచ్చనై లోనికి వచ్చును. మడికి నీరందకున్న బావి, మోటారు, పైపు, కాలువ వరుసగా చూతుము గదా. ఇచటను అట్లే చూడవలయును.

1. ద్రవమట్టము. ఇంజను పూర్తిగా చల్లాఱిన పిమ్మట కూలెంటు డబ్బాపై గల రెండు గీతల నడుమ ద్రవమున్నదో లేదో చూడుడు. వేడిగా నున్నప్పుడు మూత తీయరాదు. మరుగుచున్న ద్రవము చిమ్మి ముఖము, చేతులు కాలును. మట్టము తగ్గినచో గాలి తఱచుగా హీటరు కోరులో చేరును. అందుచే హీటరే ముందు చల్లబడును. నింపినను మరల తగ్గుచున్నయెడల ఎచటనో కాఱుచున్నదని యెఱుంగుడు. కాలికింది తివాచీ తడిసి, తీపి వాసన వచ్చి, ముందటి అద్దముపై జిడ్డుపొర పట్టినచో కోరే కాఱుచున్నది. వెలుపల కాఱుట కానరాక, పొగగొట్టమునుండి తెల్లని పొగ విడువక వచ్చుచుండినచో హెడ్ గ్యాస్కెట్టు చెడియుండవచ్చును. అప్పుడు బండి నడపక మెకానిక్కునకు చూపవలయును.

2. థర్మోస్టాటు. ఇది ఇంజను కాగువఱకు ద్రవమును రేడియేటరునకు పోనీయక ఆపు తలుపు. సాధారణముగా 80 మొదలు 90 డిగ్రీల సెల్సియసు ప్రాంతమున తెఱచుకొనును. బండి 15 నిమిషములు నడచినను వేడి ముల్లు ఎప్పటి చోటికి రానిచో ఇది తెఱచుకొనియే నిలిచినదని అనుమానింపవలెను. ఉష్ణదేశమున దీని యక్కఱ లేదని కొందఱు దీనిని తీసివేయింతురు. ఇది పొరపాటు. ఇంజను తగిన వేడి కెక్కనిచో నూనె యెక్కువ ఖర్చగును, భాగములు త్వరగా అఱుగును.

3. రెండు గొట్టములు. ఇంజను కాగిన పిదప దానిని ఆపి, హీటరునకు పోవు గొట్టములను మందపు గుడ్డతో తాకి చూడుడు. రెండును వేడిగా నున్నచో ద్రవము పాఱుచున్నది. లోపల గాలిని మళ్లించు తలుపో, దాని తీగయో చెడియుండును. ఒకటి వేడిగాను, రెండవది చల్లగాను ఉన్నచో కోరు పూడినది, లేదా మార్గమున గాలి నిలిచినది. హీటరు వాల్వున్న బండ్లలో అది మూసికొనియుండవచ్చును. రెండును చల్లగా నున్నచో ద్రవమట్టమును, థర్మోస్టాటును, నీటి పంపును పరీక్షింపవలయును.

4. గాలి. వచ్చు గాలి వేడిగానే యుండి బలము లేనిచో, క్యాబిన్ ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయి యుండవచ్చును. ఫ్యాను పై వేగమున మాత్రమే తిరుగుచున్నచో దాని రెసిస్టరు చెడియుండును.

పూడిన కోరును తక్కువ ఒత్తిడి గల నీటితో వెనుకనుండి ముందునకు కడిగింపవలెను. పిదప బోరునీరు పోయరాదు; అందలి సున్నపు లవణములు పొలుసుకట్టి సన్నని గొట్టములను మరల పూడ్చును. బండి పుస్తకములో చెప్పిన కూలెంటును, చెప్పిన పాళ్లలో డిస్టిల్డు నీటితో కలిపి పోయింపుడు. నింపినపుడు నిలిచిన గాలిని ఆ పుస్తకములోని పద్ధతినే వెడలింపవలెను. తీసిన పాత కూలెంటు తియ్యగా నుండు విషము. దానిని కాలువలోనో, పశువులు త్రాగు గుంటలోనో పోయక, మూతగల డబ్బాలో పిల్లలకు అందకుండ నుంచి వర్క్‌షాపునకు అప్పగింపుడు.

హీటరు బాగగువఱకు మూసిన బండిలో బొగ్గుల కుంపటి ఉంచుకొనరాదు. దానినుండి వచ్చు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు; నిద్రలోనే ప్రాణము తీయును. మంచుదినములలో అద్దముపై ఆవిరి పట్టినచో వెలుపలి గాలి లోనికి వచ్చునట్లు పెట్టి, ఏసీని హీటరును కలిపి నడపుడు. ఏసీ తేమను లాగును, హీటరు అద్దమును వెచ్చబఱచును, దారి కనబడును.

కార్తికము రాకముందే, కోతలు సందడి చేయకపూర్వమే, పై మొదటి పరీక్షనైన చేయుడు. ఒక్క నిమిషము పని. రైతునకు కారు విలాసము గాక బేరమునకును, ఆపదకును ఆధారమైన ఈ దినములలో, కొంచెము కూలెంటు వెల యెక్కడ, మాడిపోయిన ఇంజనును విప్పించు వెల యెక్కడ?