కూలి మానుకుని వచ్చినవాళ్లకు పాఠం చెప్పడం

హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి,

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పినవన్నీ విన్నాను. ఫోనులో చెప్పిన సలహా సగం గాలికి పోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అద్దంకిలో నీ ఎలక్ట్రీషియన్ శిక్షణ బ్యాచిలో పేర్లున్నవాళ్లలో సగం మందే వస్తున్నారనీ, వచ్చినవాళ్లు కూడా మధ్యాహ్నానికి జావగారిపోతున్నారనీ అన్నావు. బయోమెట్రిక్ హాజరు తగ్గితే పైవాళ్లు నిన్నే నిలదీస్తారు, అదీ నిజమే. ‘వీళ్లకి మోటివేషన్ లేదు మామయ్యా, రోజూ ఒక వీడియో చూపించమంటున్నారు’ అన్నావు. ఆ వీడియోలు నీ ఫోనులోనే ఉండనీ. ముందు నీ ఎదుట కూర్చున్నది ఎవరో చూడు.

పదో తరగతి తప్పి పదిహేనేళ్లు గ్రానైటు దుమ్ములో పనిచేసినవాడు, దగ్గు పట్టుకుని, ఇక ఆ పని వద్దనుకుని బల్లికురవ నుంచి వస్తున్నాడు. ఊళ్లో మోటార్లు విప్పి బిగించడం వచ్చి కూడా, చేతిలో కాగితం లేక మేస్త్రీ కింద కూలీగానే ఉండిపోయినవాడు ఒకడు. పెళ్లయి, పిల్లల్ని బడికి పంపి, అత్తగారికి సర్దిచెప్పి బస్సెక్కే అమ్మాయి ఒకతె. వీళ్లలో ప్రతి ఒక్కరూ ఆ రోజు కూలి వదులుకునే నీ గుమ్మం తొక్కారు. ‘ఈ వయసులో నీకు చదువేంట్రా’ అన్న మాట పడి మరీ వచ్చారు. ఇంత దాటుకుని వచ్చినవాళ్లకు ఉత్సాహం నువ్వు కొత్తగా పోయక్కర్లేదమ్మా. వాళ్లు తెచ్చుకున్నది నీ క్లాసులో ఎక్కడ కారిపోతోందో కనిపెట్టి ఆ చిల్లు పూడ్చడమే నీ పని. నేను చెప్పబోయేదంతా ఆ చిల్లుల గురించే.

మొదటిది, చేతికి పని ఆలస్యంగా ఇవ్వడం. సిలబసులో మొదట సేఫ్టీ, తర్వాత పనిముట్ల పేర్లు, ఆ తర్వాత ఎలక్ట్రాన్లూ ప్రోటాన్లూ ఉంటాయి. సేఫ్టీ తప్పదు, అది మొదటి గంటలోనే చెప్పు. మిగతావి ఆగుతాయి. మొదటి రోజు సాయంత్రంలోగా ఒక్కొక్కరి చేత ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు చేయించు. మూడు కోర్ల వైరు, ప్లగ్గు, స్విచ్చి, సాకెట్టు, అంతే సామాను. రాగి పోగులు తెగకుండా పైతొడుగు ఎలా ఒలవాలో చూపించు. ఫేజు స్విచ్చి గుండానే ఎందుకు పోవాలో, పచ్చవైరు ఆ లావుపాటి పిన్నుకే ఎందుకు పోవాలో, వాళ్లు స్క్రూ బిగిస్తున్నప్పుడే చెప్పు. పోగు ఒక్కటి బయటికి తొంగిచూస్తున్నా విప్పించి మళ్లీ బిగించమను. మల్టీమీటరుతో నువ్వు చూసి సరే అన్నాకే కరెంటు ఇవ్వాలి. సామానుకు సెంటరు ఒప్పుకుంటే ఆ బాక్సు ఇంటికి తీసుకుపోనివ్వు. ఆ రాత్రి దానికి ఫ్యాను తగిలించి ‘ఇది నేనే చేశా’ అని భార్యకో, అత్తకో చూపించినవాడు మర్నాడు ఉదయం ఎవరూ పిలవకుండానే వస్తాడు. ఇంట్లోవాళ్లూ వాణ్ణి ఆపడం మానేస్తారు.

రెండోది, వాళ్లకు తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం. పిల్లలకు చెప్పేటప్పుడు ఏమీ తెలియదనుకుని మొదలుపెట్టినా చెల్లుతుంది. నలభై ఏళ్లవాడి దగ్గర చెల్లదు. త్రీఫేజు మోటారు కాలిపోవడం పల్లెలో చూడనివాడు లేడు. బోర్డు మీద బొమ్మ గీసే ముందు ఆ మోటారు మెకానిక్కును లేపి, ‘కాలిపోయే ముందు మోటారు ఎలా ఉంటుందన్నా?’ అని అడుగు. స్విచ్చి వేస్తే తిరక్కుండా మూలుగుతుందనీ, ఒళ్లు వేడెక్కుతుందనీ, వార్నీషు కాలిన వాసన వస్తుందనీ అతనే చెబుతాడు. క్లాసంతా తలలూపుతుంది. అప్పుడు నువ్వు అందుకో. ఒక ఫేజులో ఫ్యూజు పోతే, తిరుగుతున్న మోటారు ఆగకుండా మిగిలిన రెండు ఫేజుల నుంచే ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, ఆ వేడికే వైండింగు మాడుతుంది, దాన్ని ఆపడానికే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు పెడతారు అని చెప్పు. ఇన్నేళ్లుగా ముక్కుకు తెలిసిన సంగతికి ఆవేళ కారణం దొరుకుతుంది. ఆ మెకానిక్కు ఇక నీకు పోటీ మనిషి కాడు, నీ తరఫు మనిషి అవుతాడు. ఇలాంటివాళ్ల పాత పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు కేంద్రం కౌశల్ వికాస్ యోజనలో ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. మీ సెంటరులో దానికి వీలుందేమో కనుక్కో.

మూడోది, ‘ఇది నాకెందుకు?’ అన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం. పెద్దవాళ్లు ఈ ప్రశ్న నోటితో అడగరు, మర్నాడు రాకుండా అడుగుతారు. మాల్కం నోల్స్ అనే అమెరికా ఆయన వయోజనులకు చదువు చెప్పడం గురించి పుస్తకాలే రాశాడు. ఎందుకు నేర్చుకుంటున్నామో తెలిస్తేనే పెద్దలు నేర్చుకుంటారన్నది అందులో ముఖ్యమైన మాట. మనకు అంతదూరం అక్కర్లేదు, పక్కనే నెల్లూరు జిల్లా ఉంది. 1991 ప్రాంతంలో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, వాచకంలో ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించిన కథ పాఠంగా ఉండేది. దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు అది చదివి, మన ఊళ్లో మనమెందుకు చేయకూడదన్నారు. చేసి చూపించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. ఊరూరా ఉద్యమం పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించాల్సి వచ్చింది. పగలంతా పొలంలో నడుము వంచినవాళ్లు రాత్రి లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారంటే, ఆ పుస్తకంలో వాళ్ల ఇంటి గొడవే ఉండబట్టి.

నీ లెక్కలూ అలాగే చెప్పు. సూత్రాలు బోర్డు మీద రాసి కంఠతా పట్టించకు. ఎవరింటి కరెంటు బిల్లు వాళ్లను తెమ్మను. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు వేడెక్కుతూనే ఉంటే ఒక యూనిట్టు అని చూపించు. 1000ని 230 వోల్టులతో భాగించమను, 4.3 ఆంపియర్లు వస్తుంది. 2000 వాట్ల గీజరుకు 8.7 వస్తుంది. 6 ఆంపియర్ల సాకెట్టులో గీజరు పెడితే ఎందుకు నల్లబడుతుందో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. లెక్కలంటే భయపడి బడి మానేసినవాడే పక్కవాడి బిల్లు లాక్కుని లెక్కవేస్తాడు.

నాలుగోది హాజరు. సంక్రాంతి దాటితే మన వైపు మిరపకోతలు. అంతకుముందు పత్తితీతలు. ఆ రోజుల్లో మనిషి రాలేదంటే చదువు మీద మనసు లేక కాదు, ఇంటికి ఏడాదికి సరిపడా డబ్బు వచ్చే కాలం అదే. అలాంటప్పుడు నాగా పెట్టినవాణ్ణి అందరిముందూ నిలబెట్టి అడిగితే, మూడోరోజు వద్దామనుకున్నవాడు కూడా సిగ్గుపడి ఆగిపోతాడు. ఏ రోజు పాఠం ఆ రోజే ఒక పనిగా పూర్తయ్యేలా చూసుకో. ఇవాళ మెట్ల దగ్గర రెండు స్విచ్చిల లైటు, రేపు కాలింగ్ బెల్లు అన్నట్టు. అప్పుడు మధ్యలో రెండు రోజులు పోయినా తాడు తెగదు. ఇద్దరిద్దరిని జత చెయ్యి. రానివాడి పని వచ్చినవాడు చూసుకుని, తర్వాత వాడికి చేయించాలి. ఒకరికి చెప్పాల్సి వచ్చేసరికి చెప్పేవాడికీ పాఠం గట్టిపడుతుంది. క్లాసు మొదలయ్యే ముందు కాసేపు వెనకబడ్డవాళ్లకు కేటాయించు. కోతల కాలంలో టైము మార్చడానికి సెంటరువాళ్లు ఒప్పుకుంటే ఇంకా మేలు. ఒకసారి అడిగి చూడు.

ఐదోది మర్యాద. నీకన్నా పెద్దవాళ్లకు నువ్వు టీచరువి. అందరినీ ‘మీరు’ అను. అన్నా, అక్కా, బాబాయ్ అని వరస కలిపితే మన ఊళ్లో తప్పుపట్టేవాళ్లుండరు. కానీ పని దగ్గర మెతకబడకు. వదులు జాయింటు వదులు జాయింటే, చుట్టరికం చూసి పాసు చేస్తే రేపు ఒకరింట్లో మంట లేస్తుంది. తప్పు పట్టేటప్పుడు జాయింటును పట్టు, మనిషిని పట్టకు. ‘ఈ స్క్రూ ఇంకో చుట్టు తిరగాలన్నా’ అంటే చాలు. కుర్రాళ్లతో పోల్చి ‘వాడికి వచ్చింది, మీకు రాదేం’ అనొద్దు. ఆ ఒక్కమాటకు బ్యాగు సర్దుకున్నవాళ్లను నేను చూశాను. ఆడపిల్ల చెబితే వినేదేంటి అనుకునేవాడు ఒకడో ఇద్దరో ఉంటారు. వాళ్లతో వాదన వేసుకోకు. కాలిన స్టార్టరు ఒకటి తెచ్చి, వాళ్ల కళ్ల ముందే విప్పి, లోపం పట్టి చూపించు.

చివరిది, మాట ఇవ్వడం. బ్యాచి నిండాలని వేలల్లో జీతం వస్తుందని ఎవరో చెప్పి చేర్పిస్తారు, తర్వాత అడిగేది నిన్ను. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ కోర్సుతో ఏ పని చేయొచ్చో, ఏ పనికి వైర్‌మ్యాన్ పర్మిట్టు కావాలో, రెండేళ్ల ఐటీఐ చేయాలంటే పైవయసు అడ్డం లేదనీ వివరంగా చెప్పు. చిన్న నిజం మీద కూడా మనిషి ఏడాది నడుస్తాడు, పెద్ద అబద్ధం మీద నెల కూడా నడవడు. కోర్సు అయిపోయాక కూడా వదలకు. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో వీరేంద్ర హెగ్గడేగారు బ్యాంకులతో కలిసి రుడ్‌సెట్ అనే స్వయంఉపాధి శిక్షణ సంస్థ పెట్టినప్పటి నుంచీ అక్కడి పద్ధతి అదే, శిక్షణ కొద్దివారాలు, వెంట ఉండి కనుక్కోవడం రెండేళ్లు. తర్వాత దేశంలో జిల్లాకొకటి లెక్కన పెట్టిన ఆర్‌సెటి శిక్షణ కేంద్రాలకు అదే నమూనా అయింది. నీ పాత బ్యాచిలో పని దొరికినవాడు ఒక్కడు వచ్చి, తన మొదటి కాంట్రాక్టులో ఎంత మిగిలిందో, ఎక్కడ దెబ్బతిన్నాడో కొత్తవాళ్లకు చెబితే అది పది వీడియోల పెట్టు.

ఇప్పుడు సోమవారం చేయాల్సింది చెబుతాను. ఒక నోటుపుస్తకం కొను. ఒక్కొక్కరితో టీ తాగుతూ మాట్లాడి, ఎందుకొచ్చారో వాళ్ల మాటల్లోనే రాసుకో. పేరు, ఊరు, కోతలెప్పుడు, ఏ పని ఇప్పటికే వచ్చు, కోర్సు అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నారు, ఇవి చాలు. రానివాళ్లకు ఫోను చేసినప్పుడు ‘ఎందుకు రాలేదు’ అని అడగకుండా ‘ఎప్పుడు వస్తే మీకు వీలు’ అని అడుగు. నెల తిరిగాక ఆ పుస్తకం ఫోటోలు తీసి నాకు పంపు. ఎవరికి ఏ పని ముందు నేర్పాలో ఇద్దరం కూర్చుని చూద్దాం. అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య