పవర్ స్ప్రేయర్ పిస్టన్‌పై అరుగుదల గుర్తులు: కార్బురేటర్ సర్దుబాటులో వాటి ప్రాధాన్యం

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్ర చల్క నేలల్లో పత్తి, కంది, ఆముదం పంటలు వర్షాధారంగా సాగవుతున్నాయి. నల్లగొండ ప్రాంతం బత్తాయికి, కొల్లాపూర్ ప్రాంతం మామిడికి పేరు పొందాయి. ఈ పంటల సస్యరక్షణకు వీపున మోసే టూ స్ట్రోక్ పవర్ స్ప్రేయర్లను, రైతుల మాటలో తైవాన్ పంపులను వాడుతున్నారు. పత్తిలో రసం పీల్చే పురుగుల ఉద్ధృతి పెరిగిన వారంలోనే ఇంజను సీజ్ అయితే, రైతు మరమ్మతు ఖర్చుతో పాటు పిచికారీకి అనువైన రోజులను కూడా కోల్పోతాడు.

ఇంజను శక్తి తగ్గగానే కార్బురేటర్ స్క్రూను తిప్పడం గ్రామాల్లో సాధారణంగా కనిపించే అలవాటు. లోపం మిశ్రమంలో ఉన్నప్పుడే స్క్రూ దానిని సరిచేస్తుంది. లోపం దుమ్ములోనో, ఆయిల్‌లోనో, గాలి లీకులోనో ఉంటే స్క్రూ తిప్పడం వలన అసలు కారణం మరుగునపడి, కొత్తగా వేసిన పిస్టన్ కూడా అదే విధంగా పాడవుతుంది. అందువలన ముందు పిస్టన్‌ను పరిశీలించి, ఆ తరువాతే కార్బురేటర్‌ను సర్దుబాటు చేయాలి.

మిశ్రమానికి, అరుగుదలకు గల సంబంధం

టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిల్ పెట్రోలుతో కలిసే లోపలికి చేరుతుంది. కాబట్టి గాలి ఎక్కువై పెట్రోలు తగ్గిన మిశ్రమం, అనగా లీన్ మిశ్రమం, రెండు విధాలుగా హాని చేస్తుంది: దహన ఉష్ణోగ్రత పెరుగుతుంది, అదే సమయంలో పిస్టన్‌కు అందే ఆయిల్ తగ్గుతుంది. పిచికారీ సమయంలో ఇంజను ఎక్కువసేపు పూర్తి థ్రాటిల్‌పై నడుస్తుంది కనుక ఈ ప్రభావం తీవ్రంగా ఉంటుంది.

ఆయిల్ ఎక్కువ కలిపితే మిశ్రమం గాఢమవుతుందన్న అభిప్రాయం సరికాదు. ఆయిల్ పెరిగిన మేరకు జెట్ గుండా వెళ్లే పెట్రోలు తగ్గి, మిశ్రమం కొంత లీన్ అవుతుంది. తయారీదారు సూచించిన పాళ్లనే పాటించాలి. 25:1 అయితే లీటరు పెట్రోలుకు 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్ అవసరమవుతుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు విషయంలోనూ జాగ్రత్త అవసరం. శుద్ధమైన పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు ప్రకారం సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సుమారు 13.5 పాళ్లు చాలు. పాత ఇంధనానికి సరిపడా అమర్చిన కార్బురేటర్, స్క్రూ కదలకపోయినా, కొత్త ఇంధనంతో లీన్‌గా పనిచేస్తుంది. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే అది ఇథనాల్‌తో కలిసి అడుగున వేరు పొరగా చేరుతుంది. ఆ పొరలో ఆయిల్ దాదాపు ఉండదు. కావున పిచికారీ రోజునే ఇంధనం కలుపుకోవాలి. సీజన్ ముగిశాక ట్యాంకును, కార్బురేటర్‌ను ఖాళీ చేయాలి.

పిస్టన్‌ను పరిశీలించే విధానం

ఇంజనును పూర్తిగా విప్పనవసరం లేదు. చల్లారిన తరువాత స్పార్క్ ప్లగ్‌ను, సైలెన్సర్‌ను తీసి, స్టార్టర్ తాడును నెమ్మదిగా లాగుతూ ఎగ్జాస్ట్ రంధ్రం గుండా పిస్టన్‌ను చూడవచ్చు. పిస్టన్ పైకి చేరినప్పుడు దాని పక్క భాగం, కిందికి దిగేటప్పుడు రింగులు కనిపిస్తాయి. కార్బురేటర్ తీస్తే చాలా ఇంజనుల్లో ఇన్‌లెట్ వైపు కూడా కనిపిస్తుంది.

1. సాధారణ స్థితి: పిస్టన్ తలపై గోధుమరంగు మసి, పక్కలపై యంత్రపు సన్నని గీతలు చెరగకుండా ఉంటాయి.

2. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే నిలువు గాట్లు, అల్యూమినియం పూసుకుపోయి రింగు ఇరుక్కోవడం, ప్లగ్ తెల్లబారడం: అధిక వేడికి, లీన్ మిశ్రమానికి సూచన. ఎగ్జాస్ట్ వైపు అత్యంత వేడిగా ఉండే భాగం కాబట్టి దెబ్బ ముందుగా అక్కడే తగులుతుంది.

3. చుట్టూ అన్ని వైపులా పొడిగా గాట్లు: ఆయిల్ కలపకపోవడం లేదా చాలా తక్కువ కలపడం.

4. నాలుగు చోట్ల సమదూరంలో గాట్లు: చల్లని ఇంజనును వెంటనే పూర్తి వేగంతో నడపడం, లేదా శీతలీకరణ రెక్కల మధ్య మట్టి, ఆకుల పొడి పేరుకోవడం.

5. ఇన్‌లెట్ వైపు గీతలు చెరిగి బూడిదరంగులో నున్నగా అరగడం, రింగులు పలచబడటం: దుమ్ము. చల్క నేలల్లోని సన్నని ఇసుక రేణువులు ఫిల్టర్‌ను దాటి ముందుగా తాకేది ఈ వైపునే.

6. తలపై తడి నల్లని మసి, ఎగ్జాస్ట్ రంధ్రం పూడుకుపోవడం: మిశ్రమం మరీ గాఢంగా ఉండటం లేదా ఫిల్టర్ మూసుకుపోవడం.

వీటిలో మూడు, నాలుగు, ఐదు గుర్తులకు కార్బురేటర్ స్క్రూ పరిష్కారం కాదు. రెండవ గుర్తు కనిపించినా ముందుగా ఇంధన ఫిల్టర్, ఇంధన గొట్టాలు, కార్బురేటర్ గ్యాస్కెట్, క్రాంక్ షాఫ్ట్ సీళ్లను పరీక్షించాలి. థ్రాటిల్ వదిలినా ఇంజను వేగం తగ్గకపోవడం, సర్దుబాటు చేసిన కొద్దిసేపటికే తప్పడం గాలి లీకుకు లక్షణాలు.

సర్దుబాటు క్రమం

ఫిల్టర్ శుభ్రపరచి, తాజా ఇంధనం పోసి, ట్యాంకులో మందు కాక నీరు మాత్రమే నింపి, ఇంజనును వేడెక్కనివ్వాలి. డయాఫ్రమ్ కార్బురేటర్‌లో పూర్తి వేగానికి సంబంధించిన హెచ్ స్క్రూను ఎడమకు తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, కుడికి తిప్పితే తగ్గుతుంది. పంపుపై భారం ఉండగా, పూర్తి థ్రాటిల్‌పై శబ్దం గరగరమని విడివిడిగా వినిపించే వరకు ఎడమకు తిప్పాలి. తరువాత శబ్దం సాఫీ అయ్యే వరకు నెమ్మదిగా కుడికి తిప్పి, అక్కడి నుండి ఎనిమిదో వంతు చుట్టు మళ్లీ ఎడమకు తేవాలి. అత్యధిక వేగం వచ్చే చోట స్క్రూను నిలపకూడదు. అది లీన్ అంచు. ఫ్లోట్ కార్బురేటర్‌లో మధ్య వేగాన్ని సూది క్లిప్, పూర్తి వేగాన్ని మెయిన్ జెట్ నియంత్రిస్తాయి. క్లిప్‌ను కింది గాడిలోకి మార్చితే మిశ్రమం గాఢమవుతుంది.

చివరగా పూర్తి వేగంపై కొంతసేపు నడిపి, వేగం తగ్గించకుండా నేరుగా ఆపి, చల్లారాక ప్లగ్ రంగు చూడాలి. లేత గోధుమరంగు సరైన స్థితిని తెలుపుతుంది.

విస్తరణకు సూచన

పాలెం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల వంటి చోట్ల స్ప్రేయర్ శిక్షణలో మందు మోతాదుతో పాటు ఈ పరిశీలననూ చేర్చడం మేలు. దీనికి ప్రత్యేక పరికరాలు అవసరం లేదు. మెకానిక్ దుకాణాల్లో పక్కన పడేసిన పిస్టన్లను సేకరించి, పై ఆరు గుర్తుల ప్రకారం వేరుచేసి ఉంచితే విద్యార్థులకు, రైతులకు అవే బోధన సామగ్రి అవుతాయి. పిస్టన్ మార్చిన ప్రతిసారీ పాతదానిని చూపమని రైతు అడగడం అలవాటైతే, అదే లోపానికి రెండవసారి ఖర్చు పెట్టే పరిస్థితి చాలావరకు తగ్గుతుంది.