సర్టిఫికెట్‌లో కరోనా అని లేకపోయినా

"మా ఇంటాయన పోయి ఇన్నేండ్లాయె సారూ. ఇంగ ఆ కరోనా దుడ్లు వస్తాయా, రావా?"

శిరివెళ్ల, రుద్రవరం, గోస్పాడు వైపు నుంచి ఆళ్లగడ్డ, నంద్యాల కోర్టులకు వచ్చే ఆడవాళ్లు నన్ను ఇప్పటికీ అడిగే మాట ఇది. అడిగేది కరోనాతో పోయినవాళ్ల కుటుంబాలకు ఇచ్చే యాభై వేల సాయం గురించే. కూర్చోబెట్టి నాలుగు మాటలు కదిపితే అసలు కష్టాలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. పొలం ఇంకా పోయినాయన పేరు మీదే ఉంటుంది. ఆయన రాసిన ప్రోనోటు పట్టుకుని ఎవరో ఇంటిచుట్టూ తిరుగుతుంటారు. ఆయన బ్యాంకు ఖాతాలో బీమా డబ్బు కట్ అయిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే ఈసారి యాభై వేలతో మొదలుపెట్టి, ఆ మిగిలినవాటి గురించి కూడా రాస్తున్నాను.

మన ఉమ్మడి కర్నూలు జిల్లాకు కరోనా ముందుగానే వచ్చింది, గట్టిగానే దెబ్బ కొట్టింది. పేదవాళ్లు ఎంత ఇస్తే అంతే తీసుకుని వైద్యం చేసిన కర్నూలు డాక్టర్ కె.ఎం.ఇస్మాయిల్ హుస్సేన్ గారు 2020 ఏప్రిల్ 14న కన్నుమూసినప్పుడు, ఈ జబ్బు ఎవరినీ వదలదని మా ఊళ్లో చాలామందికి మొదటిసారి అర్థమైంది. మా ఇంటికి అది రెండో విడతలో, 2021 ఏప్రిల్ చివర్లో వచ్చింది. తమ్ముడికి జ్వరం, ఆ వెనకే అమ్మకు, తర్వాత నాకు. మేం ముగ్గురం కోలుకున్నాం. మా చిన్నాయన కోలుకోలేదు. ఆయనకు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షలో నెగెటివ్ వచ్చింది. సీటీ స్కాన్‌లో మాత్రం ఊపిరితిత్తులు సగానికి పైగా దెబ్బతిన్నాయి. నంద్యాలలో ఆసుపత్రి వాళ్లు కరోనా వార్డులోనే ఉంచి, కరోనా మందులే వాడారు. పోయాక ఇచ్చిన కాగితంలో మాత్రం గుండె, శ్వాస ఆగిపోవడం వల్ల మరణం అని రాశారు.

నాతో బడిలో చదువుకున్న స్నేహితుడిది ఇంకో రకం. పాజిటివ్ వచ్చింది, ఆసుపత్రిలో ఉన్నాడు, నయమైందని పంపేశారు. ఇంటికొచ్చిన రెండు వారాలకు తెల్లవారుజామున కుప్పకూలాడు. ఇంట్లో పోయినవాడికి కరోనా అని రాసిచ్చేదెవరు?

రెండిళ్లలోనూ ఒకటే మాట విన్నాను: "కాగితంలో కరోనా అని లేదు కదా, మనకేమీ రాదులే." చట్టం ఆ మాట ఒప్పుకోదు.

కరోనాను విపత్తుగా పరిగణిస్తున్నట్టు కేంద్ర హోంశాఖ 2020 మార్చి 14న ప్రకటించింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, విపత్తులో ప్రాణం పోతే కుటుంబానికి కనీస సాయం ఎంతో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పి తీరాలి. అది చెప్పడం లేదని రీపక్ కన్సల్, గౌరవ్ కుమార్ బన్సల్ అనే న్యాయవాదులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఎం.ఆర్.షా ధర్మాసనం 2021 జూన్ 30న, సాయం చేయడం ప్రభుత్వం ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన పని కాదని, చట్టం మోపిన బాధ్యత అని తేల్చింది. దాని ఫలితమే ఆ యాభై వేలు. ఒకరి దయగా కాకుండా హక్కుగా వచ్చిన సొమ్ము అది. అడగడానికి సిగ్గుపడేవాళ్లకు ఈ మాట నేను గట్టిగా చెబుతుంటాను.

అదే సంవత్సరం అక్టోబర్ 4న సుప్రీంకోర్టు ఇంకా వివరంగా ఆదేశించింది. మరణ ధ్రువపత్రంలో కరోనా అని లేదన్న ఒక్క కారణంతో ఏ రాష్ట్రమూ సాయం నిరాకరించకూడదు. పాజిటివ్ అని తేలిన రోజు నుంచి, లేదా ఆసుపత్రిలో డాక్టరు లక్షణాలూ పరీక్షలూ చూసి కరోనాగా నిర్ధారించిన రోజు నుంచి 30 రోజుల్లోపు ప్రాణం పోతే, ఇంట్లో పోయినా అది కరోనా మరణమే. ఆసుపత్రిలో చేరినవాళ్లు 30 రోజులు దాటినా అక్కడే ఉండి పోతే అదీ కరోనా మరణమే. మా చిన్నాయనకు సీటీ స్కానూ, ఆసుపత్రి కేస్ షీటూ ఆధారం. నా స్నేహితుడికి పాజిటివ్ రిపోర్టు మీది తేదీ ఆధారం. దరఖాస్తు అందిన 30 రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలి. అధికారులు కాదంటే జిల్లా స్థాయి ఫిర్యాదుల పరిష్కార కమిటీ వినాలి. ఆ కమిటీకి ఆసుపత్రి రికార్డు తెప్పించుకునే అధికారం కూడా ఉంది.

ఆదేశం అంత స్పష్టంగా ఉన్నా మన రాష్ట్రంలో పని నత్తనడకన సాగింది. 36 వేలకు పైగా దరఖాస్తులు వస్తే మూడో వంతు మందికి కూడా డబ్బు అందలేదని 2022 జనవరి 19న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ ప్రధాన కార్యదర్శిని పిలిపించి నిలదీసింది. విపత్తు నిధి నుంచి వేరే ఖాతాకు మళ్లించిన దాదాపు రూ.1,100 కోట్లను వెనక్కి జమ చేయాలని అదే ఏడాది జులైలో ఆదేశించింది. మన ఇళ్లలో ఆలస్యానికి కారణం మన అమాయకత్వం ఒక్కటే కాదని తెలియాలనే ఇదంతా చెబుతున్నాను.

ఇప్పుడు గడువు సంగతి. ఇది దాచి పెట్టి ఆశ పెట్టడం నాకిష్టం లేదు. 2022 మార్చి 20కి ముందు పోయినవాళ్ల తరఫున దరఖాస్తుకు సుప్రీంకోర్టు 60 రోజులే ఇచ్చింది. ఆ గడువు 2022 మే నెలలోనే ముగిసింది. ఆ తర్వాత పోయినవాళ్లకైతే మరణించిన రోజు నుంచి 90 రోజులు. గడువులోగా రాలేనంత తీవ్రమైన ఇబ్బంది ఉన్నవాళ్ల దరఖాస్తును మాత్రం జిల్లా కమిటీ విడిగా పరిశీలించవచ్చని అదే ఉత్తర్వులో ఉంది. చిన్నపిల్లలు మాత్రమే మిగిలిన ఇల్లు, మంచానపడ్డ భార్య, ఇలాంటి గట్టి కారణం ఉంటే రాతపూర్వకంగా పెట్టుకోండి. కారణం లేకపోతే ఆ తలుపు మూసుకుపోయిందనే అనుకోవాలి. ఇప్పిస్తామని ముందుగా కమీషన్ అడిగే దళారులకు పైసా ఇవ్వకండి. దొంగ కాగితాలతో సాయం కోరితే విపత్తు నిర్వహణ చట్టంలోని 52వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. పడేది దళారి మీద కాదు, సంతకం పెట్టిన మీ మీద.

గడువులో దరఖాస్తు పెట్టి జవాబు రానివాళ్ల పరిస్థితి వేరు. వాళ్లకు దారి ఉంది. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు మనవాళ్లు ఇచ్చిన దరఖాస్తులన్నీ కర్నూలు కలెక్టరేట్‌కు వెళ్లినవే. నంద్యాలలో అడిగితే కర్నూలంటారు, కర్నూలు వెళితే ఇప్పుడు మీ జిల్లా అది కాదంటారు. సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుముతో నా దరఖాస్తు మీద ఏ నిర్ణయం తీసుకున్నారు, తిరస్కరిస్తే కారణమేమిటి, నకలు ఇవ్వండి అని రాయండి. ఫైలు తమ దగ్గర లేకపోతే ఐదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయడం, 30 రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత. రాతలో కారణం చేతికొస్తే కమిటీ ముందుకైనా, హైకోర్టుకైనా వెళ్లడానికి వీలుంటుంది.

యాభై వేల కంటే నాలుగు రెట్లు పెద్ద మొత్తం ఒకటి చాలామంది పాస్‌బుక్కుల్లో నిద్రపోతోంది. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. అప్పట్లో ఏడాదికి రూ.330 ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేది. ఏ కారణంతో పోయినా కుటుంబానికి రూ.2 లక్షలు. ఇందులో కరోనా అని నిరూపించాల్సిన పనే లేదు. 18 నుంచి 50 ఏళ్ల మధ్య చేరినవాళ్లకు 55 ఏళ్లు వచ్చేదాకా వర్తిస్తుంది. కొత్తగా చేరిన మొదటి 45 రోజుల్లో పోతే మాత్రం, ప్రమాదం తప్ప, అప్పటి నిబంధనల ప్రకారం రాదు. ఒక ముఖ్యమైన లెక్క చూడండి. ఈ బీమా ఏడాది జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. 2021 మే నెలలో పోయినవాళ్లు ఆ ఏడాది ప్రీమియం కట్టకపోయినా, 2020 మే చివరలోనో జూన్‌లోనో రూ.330 కట్ అయి ఉంటే, వాళ్లు పోయిన రోజుకి బీమా బతికే ఉంది. మా స్నేహితుడి భార్య పాస్‌బుక్కులో ఆ పేజీ చూసుకునేదాకా అలాంటి బీమా ఒకటుందనే ఆమెకు తెలియదు.

క్లెయిమ్ కాగితాలు బ్యాంకులోనే ఇవ్వాలి. ఆలస్యానికి కారణం రాసివ్వండి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. బ్యాంకు తీసుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ నంబరు 14448. బీమా కంపెనీ కాదంటే, ఆ జవాబు వచ్చిన ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రెండింటికీ వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేస్తూ పోయినవాళ్ల ఇంటివాళ్లు పింఛనుతోపాటు, పీఎఫ్‌తోనే వచ్చే ఈడీఎల్ఐ బీమా గురించి కూడా అడగండి. దాని గరిష్ఠ మొత్తం రూ.7 లక్షలు.

ఇక అప్పులు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. పోయిన మనిషి దినం కూడా కాకముందే భార్యతో కొత్త ప్రోనోటు రాయించుకున్న ఇళ్లు నేనెరుగుదును. అమ్మా, వినండి. భర్త చేసిన అప్పుకు, మీరు జామీను సంతకం పెట్టి ఉంటే తప్ప, మీ సొంత సంపాదన, మీ పుట్టింటి బంగారం, మీ పేరున ఉన్న స్థలం జవాబుదారీ కావు. ఆయన ఆస్తిలోంచి మీకూ పిల్లలకూ వచ్చిన మేరకే అప్పులవాడు అడగగలడు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమంటూ కోర్టుకు లాగే పాత పద్ధతికి 2005 సవరణతో హిందూ వారసత్వ చట్టం ముగింపు పలికింది. కొత్త ప్రోనోటు మీద మీరు సంతకం పెట్టిన క్షణం ఆ రక్షణ పోతుంది, అప్పు మీదవుతుంది. పాత నోటుకు మూడేళ్ల కాలదోషం ఉంది. కానీ 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది, అది అప్పిచ్చినవాడికీ పనికొస్తుంది. తేదీలు చూపించకుండా ఎవరి మాటా నమ్మకండి. సంఘాల అప్పు, ట్రాక్టరు అప్పు, ఇంటి అప్పు ఇచ్చేటప్పుడే బీమా ప్రీమియం కోసుకునే పద్ధతి ఉంది కాబట్టి, దీనికి బీమా ఉందా అని అప్పిచ్చిన బ్యాంకునో కంపెనీనో రాతపూర్వకంగా అడగండి.

పొలం పేరు మార్పిడికి మొదట కావలసింది మరణ ధ్రువపత్రం. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో పోయినవాళ్ల కాగితం కోసం శిరివెళ్ల సచివాలయం చుట్టూ తిరిగితే దొరకదు. ఏడాది దాటినా నమోదు కాని మరణానికి ఒకప్పుడు కోర్టు ఉత్తర్వు కావలసి వచ్చేది. 2023 అక్టోబర్ 1 నుంచి ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. తర్వాత తాసిల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. అందులో కూతుళ్ల పేర్లు వదిలేయకండి, పోయినాయన తల్లి బతికి ఉంటే ఆమె పేరూ వదిలేయకండి. హిందూ కుటుంబంలో తల్లి, భార్య, పిల్లలు అందరికీ సమాన భాగమే. ముస్లిం కుటుంబంలో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. బ్యాంకులో నామినీగా పేరున్నంత మాత్రాన ఆ డబ్బంతా నామినీ సొంతం కాదు.

తండ్రి పోయి తల్లి పెంచుతున్న పిల్లలకు ఇప్పటికీ తెరిచి ఉన్న తలుపు మిషన్ వాత్సల్య. పల్లెల్లో ఏడాది ఆదాయం రూ.72 వేలకు మించని ఇళ్లలో 18 ఏళ్లలోపు పిల్లలకు నెలకు రూ.4,000 ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఇది. ఎంపిక నిధులను బట్టి ఉంటుంది కాబట్టి అందరికీ వస్తుందని చెప్పలేను. అయినా అంగన్‌వాడీ టీచరుతోనో, జిల్లా బాలల పరిరక్షణ కార్యాలయంతోనో మాట్లాడి దరఖాస్తు పెట్టండి.

ఆసుపత్రి ఎక్కువ బిల్లు వేసిందన్న ఫిర్యాదులకు వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల గడువు. కోర్టు మినహాయించిన కాలం తీసేసినా అది 2024 ఫిబ్రవరితో అయిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని కోరవచ్చు, కానీ కేస్ షీటును ఆసుపత్రులు మూడేళ్లే దాచాలన్న నియమం ఉంది. అందుకే ఇక ముందు ఏ జబ్బుకైనా, డిశ్చార్జి రోజే రికార్డు కావాలని రాసివ్వండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ప్రాణాపాయంలో వచ్చిన మనిషికి పోలీసు లాంఛనాల పేరుతో వైద్యం ఆపకూడదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వీటికి వకీలును పెట్టుకునే స్తోమత లేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. పెద్ద విపత్తులో నష్టపోయినవాళ్ల మాట కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఈ వారం పోయినవారి పాస్‌బుక్కు బయటికి తీసి 2020 మే, జూన్ పేజీలు చూడండి. రూ.330 కనబడితే వెంటనే బ్యాంకుకు వెళ్లండి. రాయడం రాకపోతే ఆళ్లగడ్డ కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. రెండింటికీ రూపాయి ఖర్చు లేదు.